పెండ్లి ప్రయాణంలో ఒక రాత్రి మజిలీ



పెండ్లిళ్ల కాలం వచ్చిందంటే మన ఇళ్లలో రెండు లెక్కలు మొదలవుతాయి. ఒకటి బట్టలు, కానుకల లెక్క. రెండవది ప్రయాణపు లెక్క. మొదటిదానికి నెల రోజులు కూర్చుని ఆలోచిస్తాం. రెండవదాన్ని మాత్రం "రాత్రి భోంచేసి బయలుదేరితే తెల్లారేసరికి అక్కడుంటాం" అని ఒక్క మాటలో తేల్చేస్తాం. మేమూ చాలా ఏళ్లు అలాగే తేల్చాం. ఈ నెల ఆ మాటను గూర్చే మీతో ముచ్చటించాలని ఉంది.

పన్నెండేళ్ల క్రితం మా తమ్ముడి పెండ్లికి హైదరాబాదు నుండి విశాఖపట్నం బయలుదేరాం. దూరం 600 కిలోమీటర్లకు పైనే. దారిలో గది అద్దె ఎందుకని రాత్రంతా ప్రయాణం పెట్టుకున్నాం. తెల్లవారుజామున నాలుగు గంటల వేళ అందరం నిద్రలో ఉండగా వ్యాను రోడ్డు దిగి మట్టిలోకి పోయి, కాలువ గట్టుకు రెండు గజాల దూరంలో ఆగింది. డ్రైవరుకు ఒక్క క్షణం కునుకు పట్టింది. ఎవరికీ దెబ్బలు తగలలేదు. మేమంతా అతని మీద కేకలు వేశాం. అతడు తల వంచుకుని, అంతకుముందు రెండు రాత్రులు కూడా వేరే పెండ్లివారి బండి నడిపి నేరుగా మా ఇంటికి వచ్చానని చెప్పాడు. అప్పుడు మాకు నోట మాట రాలేదు. బయలుదేరే ముందు "భోంచేశావా బాబూ?" అని అడిగాం గాని, "నిద్రపోయావా?" అని ఒక్కరం కూడా అడగలేదు. తప్పు అతనిది ఎంతో, మాది కూడా అంతే.

గత జనవరిలో మా మేనకోడలి పెండ్లి కుదిరింది. మళ్లీ విశాఖపట్నమే. ఈసారి పగలే ప్రయాణం చేసి, నడుమ ఒక రాత్రి ఆగాలని ముందే అనుకున్నాం. ఎక్కడ ఆగాలన్న దగ్గర ఇంట్లో చర్చ మొదలైంది. పిల్లలు మారేడుమిల్లి అడవులన్నారు. రాజమండ్రి నుండి అది 80 కిలోమీటర్లకు పైగా లోపలికి. పోనూ రానూ లెక్క వేస్తే సగం రోజు దారికే పోతుంది. మా పిన్ని కోనసీమలో దిండి బాగుంటుందన్నారు. నిజమే గాని, ప్రధాన రహదారి వదిలి పాలకొల్లు మీదుగా వెళ్లాలి. పాపికొండల బోటు ప్రయాణానికి ఒక పూర్తి రోజు కావాలి. పైగా 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర బోటు మునిగి ఎందరో చనిపోయిన సంగతి మా అమ్మగారి మనసులో నుండి ఇంకా పోలేదు.

అందరి మాటలూ అయ్యాక అమ్మగారు మెల్లగా, "నాకు గోదావరి చూడాలని ఉంది" అన్నారు. మేము నవ్వాం. "అరవై ఏళ్లుగా దాటుతూనే ఉన్నారుగా!" అన్నాం. "దాటాను. చూడలేదు. అన్నీ రాత్రి బండ్లే కదా. చంటిపిల్లలు ఒళ్లో నిద్రపోతుంటే కిటికీ కూడా తెరవనిచ్చేవారు కాదు. వంతెన మీద చప్పుడు విని, గోదావరి వచ్చిందనుకునేదాన్ని" అన్నారామె. ఆ మాటతో చర్చ ముగిసింది. రాజమండ్రి హైదరాబాదుకు సుమారు 400 కిలోమీటర్లు, విశాఖకు 200లోపు. మొదటి రోజు పెద్ద భాగం, రెండవ రోజు చిన్న భాగం. పెద్దలున్న ప్రయాణానికి ఇదే తగిన లెక్క.

మజిలీ రాత్రి పెండ్లికి ముందురోజు రాత్రి కాకుండా చూసుకున్నాం. టైరు పంక్చరైనా, పిల్లలకు జ్వరం వచ్చినా సర్దుకోవడానికి ఒక రోజు చేతిలో ఉండాలి. పెండ్లి గురువారమైతే మంగళవారం ఉదయం ఐదింటికి బయలుదేరాం. సూర్యాపేటలో టిఫిను, విజయవాడలో భోజనం. తణుకు దాటి సిద్ధాంతం వంతెన ఎక్కగానే అమ్మగారు లేచి కూర్చుని, "ఇదేనా?" అన్నారు. "ఇది వశిష్ఠ పాయ అమ్మా" అన్నాం. రావులపాలెం దాటాక మళ్లీ వంతెన. "ఇదేనా?" "ఇది గౌతమి పాయ. అసలు నది ముందుంది." చిన్నపిల్లలా ముచ్చటపడ్డారు. కడియపులంకలో నర్సరీల దగ్గర అరగంట ఆగి, కొత్త జంట పెరట్లో నాటుకోవడానికి ఒక జామ అంటు కొన్నాం.

సాయంత్రం ఐదింటికల్లా గోదావరి గట్టున ఉన్నాం. ఈ వేళను ముందే లెక్క చూసుకోవాలి. జనవరిలో ఆరు గంటలకే పొద్దు గూకుతుంది. రాజమండ్రి నదికి తూర్పు ఒడ్డున ఉంది గనుక సూర్యుడు ఎదురుగా, కొవ్వూరు వైపు, నీళ్ల మీదికి దిగుతాడు. మోకాళ్ల నొప్పుల వల్ల అమ్మగారు మెట్లు దిగలేదు. పైనే కుర్చీ వేసి కూర్చోబెట్టాం. 1900లో మొదలై 1997లో రైళ్లు ఆగిపోయిన హేవలాక్ వంతెనను చూపించి, "మీరు పెండ్లికూతురిగా దాటింది దీని మీదే" అన్నాం. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చీకటి పడ్డాక, "ఇంత వెడల్పని అనుకోలేదు" అన్నారు. అంతే.

గది దగ్గరికి వచ్చాక మరో సంగతి జరిగింది. డ్రైవరుకు కూడా మంచం మాట్లాడామని చెబితే అతడు ఇబ్బందిపడి, "వద్దండీ, బండిలో పడుకుంటాను. నాకు అలవాటే" అన్నాడు. అమ్మగారు ఊరుకోలేదు. "అలవాటుంటే ఉండనీ బాబూ. దోమల మధ్య, కాళ్లు ముడుచుకుని పడుకుంటే నిద్ర పడుతుందా? రేపు మేమంతా నిన్ను నమ్ముకుని కూర్చోవాలి" అన్నారు. అతడు తొమ్మిదింటికి పడుకుని ఆరింటికి లేచాడు. ఆ మంచానికి మేమిచ్చింది ఒక పట్టు రవిక కుట్టుకూలి కంటే తక్కువే. డ్రైవరుకు రోజుకు 8 గంటలే పని అని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలోనే రాశారు. చట్టం సంగతి అలా ఉంచి, మనం అద్దెకు మాట్లాడుకున్న మనిషికి కూడా నడుము ఉంటుందని మన ఇళ్లలో గుర్తుంచుకుంటే చాలు.

మరునాడు ఉదయం ధవళేశ్వరం వెళ్లాం. 1847 నుండి 1852 వరకు సర్ ఆర్థర్ కాటన్ ఇక్కడ ఆనకట్ట కట్టించకపోతే మనం ముందురోజు చూసిన పచ్చని పొలాలు లేవని పిల్లలకు చెప్పాం. ఇప్పుడున్న బ్యారేజి తరువాతి కాలానిది. కాటన్ పేరిట ఉన్న మ్యూజియంలో కాసేపు గడిపి బయలుదేరాం. భోజనం వేళకు కాస్త అటూ ఇటూగా విశాఖలో ఉన్నాం. పెండ్లివారి ఇంట్లో అందరి కంటే అలసట లేనిది మా బండిలోవారే!

ఇలాంటి మజిలీ ఏర్పాటు చేసుకునేవారు కొన్ని సంగతులు ముందే ఫోనులో అడగండి. పెండ్లిళ్ల రోజుల్లో గదులు దొరకవు గనుక నెల ముందే మాట్లాడుకోవాలి. పెద్దలకు కింది అంతస్తు గది ఉందా, లేకపోతే లిఫ్టు ఉందా? కుర్చీ మరుగుదొడ్డి ఉందా? బండి పెట్టుకునే స్థలం ఎంత? డ్రైవరుకు మంచం ఇస్తారా? పెద్దలందరి ఆధార్ కార్డులూ, మందులూ చేతిసంచిలోనే ఉంచండి. పెండ్లి బట్టలు, నగలు ఉన్న పెట్టెను రాత్రి బండిలో వదలకండి. నది ఒడ్డున పిల్లల చెయ్యి వదలకండి. చీకటి పడ్డాక నీటి మెట్ల మీదికి పోనివ్వకండి.

అన్నిటి కంటే ముఖ్యం, ఊరు ఎంచుకునే ముందు బండిలో అందరికంటే పెద్దవారిని ఒక మాట అడగండి. అరవై ఏళ్లుగా ఎవరూ అడగని కోరిక ఏదైనా వారి మనసులో ఉండవచ్చు. బయలుదేరే ముందు, బండి నడిపే అతన్ని కూడా తప్పక అడగండి: "రాత్రి నిద్రపోయావా బాబూ?"

మీ ఇంటి పెండ్లి ప్రయాణాలన్నీ క్షేమంగా సాగాలని కోరుకుంటూ, వచ్చే నెల మళ్లీ కలుద్దాం.