మోటారు మారింది, రెక్క మారలేదు

కరెంటు బిల్లు పెరిగితే ఇంట్లో మొదట తిట్లు తినేది ఏసీ, ఆ తర్వాత గీజరు. నెత్తిమీద తిరిగే ఫ్యానును ఎవరూ అనుమానించరు. పాత సీలింగ్ ఫ్యాను ఫుల్ స్పీడులో 75 వాట్ల దాకా లాగుతుంది. రోజుకు 15 గంటల చొప్పున ఏడాదిలో 300 రోజులు తిరిగిందనుకుంటే దాదాపు 340 యూనిట్లు. ఈమధ్య వస్తున్న చిన్న సింగిల్ డోర్ ఫ్రిజ్ రాత్రింబవళ్లు నడిచినా ఏడాదికి అంత కాల్చదు. పైగా ఫ్రిజ్ ఇంటికి ఒకటే, ఫ్యాన్లు గదికొకటి.

ఈ లెక్క మారుస్తామంటూ వచ్చినవే బీఎల్‌డీసీ (బ్రష్‌లెస్ డీసీ మోటారు) ఫ్యాన్లు. 28 నుంచి 35 వాట్లతో తిరుగుతాయి. 2023 జనవరి 1 నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది. కోటి ఫ్యాన్లను జనంలోకి తెచ్చే పథకాన్ని కేంద్ర ప్రభుత్వ రంగంలోని ఈఈఎస్ఎల్ ప్రకటించింది. దిశ మంచిదే. కానీ ఫ్యానులో మోటారు ఒక్కటీ మార్చి పని అయిపోయిందనుకోవడం దగ్గరే పేచీ.

మోటారు మార్పు నిజంగా పెద్ద మార్పే. పాత ఫ్యానులో ఉండేది సింగిల్ ఫేజ్ ఇండక్షన్ మోటారు. అందులో అయస్కాంతం ఉండదు. మధ్యలో కదలకుండా ఉండే వైండింగ్‌లో కరెంటు పారితే, దాని ప్రభావంతో చుట్టూ తిరిగే డిప్పలోని అల్యూమినియం కడ్డీల్లో మరో కరెంటు పుట్టాలి, అప్పుడే ఫ్యాను తిరుగుతుంది. ఆ పుట్టించే పనికే చాలా శక్తి పోతుంది. రాత్రంతా తిరిగిన పాత ఫ్యాను ఆపి డిప్ప మీద చెయ్యి పెడితే తెలుస్తుంది, తీసుకున్న కరెంటులో సగానికి పైగా వేడికే సమర్పణ. ఆ వేడి మళ్లీ మన గదిలోకే.

స్పీడు తగ్గించినప్పుడు ఇంకా అన్యాయం. వేగం సగానికి తగ్గితే గాలిని కదపడానికి కావలసిన శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఇండక్షన్ మోటారుకు ఆ లెక్క అందదు. వేగం తగ్గేకొద్దీ దాని వేడి నష్టం వాటా పెరుగుతుంది. పాతకాలపు డబ్బా రెగ్యులేటరు ఉంటే గోడలో మరికొంత వేడి. డిప్పలో శాశ్వత అయస్కాంతాలు బిగించి, చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుతో కరెంటును వంతులవారీగా నడిపించే బీఎల్‌డీసీ మోటారుకు ఈ బాధ లేదు. తక్కువ స్పీడులో ఐదారు వాట్లతో సరిపెడుతుంది. వీటిలో చాలావరకు వాడేది చవకైన ఫెరైట్ అయస్కాంతాలే. కాబట్టి 2025 ఏప్రిల్‌లో అరుదైన ఖనిజాల అయస్కాంతాల మీద చైనా పెట్టిన ఆంక్షలకు విద్యుత్ వాహనాల కంపెనీలు హడలినంతగా ఫ్యాన్ల కంపెనీలు హడలాల్సిన పని లేకపోయింది.

ఇక రెక్క సంగతి. 1200 మిల్లీమీటర్ల ఫ్యాను నిమిషానికి 350 చుట్లు తిరుగుతుంటే రెక్క కొస వేగం గంటకు సుమారు 79 కిలోమీటర్లు. ఇరుసుకు జానెడు దూరంలో అదే రెక్క వేగం 30 కిలోమీటర్లే. కిందికి దిగే గాలి వేగం మాత్రం రెండు చోట్లా పెద్ద తేడా లేకుండా ఉండాలి. అంటే మొదట్లో రెక్క బాగా వాలుగా, కొసకు పోయేకొద్దీ పలచగా, దాదాపు బల్లపరుపుగా ఉండాలి. విమానం ప్రొపెల్లరుకు మెలిక ఉండేది ఇందుకే. మన ఫ్యాన్లలో చాలావాటి రెక్కలు అల్యూమినియం రేకును ప్రెస్సులో గుద్ది తీసినవి. మెలిక ఉన్నా నామమాత్రమే. ఒకే వాలు రెక్క పొడవునా ఉంటే అది ఏదో ఒక్క చోట సరిపోతుంది. లోపలి భాగం గాలిని నెట్టలేదు, కొస మాత్రం గాలిని చిలికి చప్పుడు చేస్తుంది.

ఇది కొత్తగా కనిపెట్టాల్సిన విద్య కాదు. మనిషి పెడల్ తొక్కి నడిపే 'గోస్సమర్ అల్బట్రాస్' విమానాన్ని 1979లో ఇంగ్లిష్ చానెల్ దాటించిన పాల్ మెక్‌క్రెడీ సంస్థ ఏరోవైరన్‌మెంట్, అమెరికాలోని ఫ్లోరిడా సౌరశక్తి కేంద్రంతో కలిసి 1990ల చివరలో సీలింగ్ ఫ్యాను రెక్క మీద పని చేసింది. సరైన మెలిక, కొసకు సన్నబడే ఆకారం, విమానం రెక్కలాంటి అడ్డుకోత ఇస్తే చాలు, మోటారు జోలికి పోకుండానే అదే కరెంటుకు గాలి గణనీయంగా పెరుగుతుందని చూపించింది. పాతికేళ్లు దాటింది.

మరి మన కంపెనీలకు తెలియకనా? తెలుసు. రేకుకు ఎక్కువ మెలిక ఇస్తే అది కొంత వెనక్కి లాగుతుంది. మూడు రెక్కల వాలులో, బరువులో చిన్న తేడా వచ్చినా ఫ్యాను ఊగుతుంది. ప్లాస్టిక్‌లో పోతపోస్తే ఆకారం చక్కగా వస్తుంది గానీ అచ్చు ఖరీదు, ఎండాకాలం స్లాబు కింది వేడికి ఏళ్ల తరబడి వంగకుండా నిలవాలి. ఇవన్నీ పరిష్కరించగలిగినవే, అయితే ఖర్చుతో కూడినవి. షోరూములో ఫ్యాను అమ్ముడయ్యేది రంగును బట్టి, దాని మీది బంగారు గీతను బట్టి. రెక్క అడ్డుకోత అడిగిన కస్టమరును సేల్స్‌మన్ ఇంతవరకు చూసి ఉండడు.

స్టార్ లేబుల్ కూడా వాళ్లను ఆ వైపు నెట్టడం లేదు. నిమిషానికి ఎన్ని ఘనపు మీటర్ల గాలి వస్తోంది, దానికి ఎన్ని వాట్లు అవుతోంది అనే నిష్పత్తి మీద స్టార్లు ఇస్తారు. 1200 మిల్లీమీటర్ల ఫ్యానుకు ఆ నిష్పత్తి 6 దాటితే ఐదు స్టార్లు. గాలి 210 ఘనపు మీటర్లకు తగ్గకూడదన్న నిబంధన ఉంది. కంపెనీ తెలివంతా ఆ గీత దాటీదాటనట్టు నిలబడటంలో ఉంటుంది. కొత్త ఫ్యాను పెట్టించిన ఇంట్లో పెద్దాయన 'గాలి తగలట్లేదురా' అంటే అది చాదస్తమని కొట్టిపారేయకండి. ఆదా అయిన వాట్లలో కొన్ని తగ్గిన గాలివి కూడా కావచ్చు. ఫ్యాను గదిని చల్లబరచదు, ఒంటి మీది చెమటను ఆరబెడుతుంది. విజయవాడ ఉక్కపోతలో ఆ తేడా పదిహేను నిమిషాల్లో తెలుస్తుంది. కొలత ఫుల్ స్పీడులోనే జరుగుతుంది, మనం రాత్రి తిప్పేది రెండో మూడో నంబరు మీద. ఇక ఫాల్స్ సీలింగ్ వేయించి, డౌన్ రాడ్ కోయించి, ఫ్యానును పైకప్పుకు అంటించే అలవాటు ఒకటి. పైన అడుగు జాగా లేకపోతే ఐదు స్టార్లున్నా పీల్చుకోవడానికి దానికి గాలెక్కడిది?

రిపేరు సంగతి నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపిస్తుంది. పాత ఫ్యాను మెల్లగా తిరిగితే వీధి చివరి ఎలక్ట్రీషియన్ నిచ్చెన వేసి కండెన్సర్ మారుస్తాడు. బేరింగ్ అరిస్తే బేరింగ్, కాలిపోతే రివైండింగ్. ముప్పై ఏళ్లు నడిచిన ఫ్యాన్లు మన ఇళ్లలో ఎన్నో. బీఎల్‌డీసీలో పోయేది ఎక్కువగా బోర్డు. పల్లెల్లో వోల్టేజీ ఒక్కసారి ఎగిరితే చాలు. ఒక కంపెనీ బోర్డు మరో కంపెనీ ఫ్యానుకు కుదరకపోతే, వారంటీ తీరాక రెండేళ్లకో మూడేళ్లకో ఆ ఇంట్లో మళ్లీ 75 వాట్ల చవక ఫ్యానే వెలుస్తుంది. అప్పుడు ఆదా లెక్కలన్నీ కాగితం మీదివే.

అయినా కొనేది ఎవరు? అద్దె ఇంటికి ఫ్యాను బిగించేది ఓనరు, బిల్లు కట్టేది అద్దెకున్నవాళ్లు. తెలంగాణలో గృహజ్యోతి కింద 2024 మార్చి నుంచి నెలకు 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు. ఆ ఇంటివాళ్లు సొంత డబ్బుతో బీఎల్‌డీసీ కొంటే వాళ్లకు ఒక్క రూపాయి మిగలదు. మిగిలేది డిస్కంకు డబ్బు కట్టే ప్రభుత్వానికి. ఆదా ఎవరిదో ఖర్చు వాళ్లే పెట్టుకోవడం న్యాయం. సున్నా బిల్లు ఇళ్లకు పాత ఫ్యాను తీసుకుని కొత్తది ఇవ్వాలనడం అందుకే ఉచితాల జాబితాలో మరొకటి చేర్చడం కాదు. ఇక్కడో తిరకాసు ఉంది. నెలకు 230 యూనిట్లు కాల్చే ఇంట్లో మూడు ఫ్యాన్లు మారిస్తే వాడకం 200 లోపుకు దిగి, ఇప్పటిదాకా బిల్లు కట్టిన ఇల్లు కూడా సున్నా బిల్లులోకి వస్తుంది. ఆర్థిక శాఖ దీన్ని ముందే లెక్కలోకి తీసుకోవాలి.

అయినా లాభం ప్రభుత్వం వైపే మొగ్గుతుందని నా అంచనా. కారణం, ఫ్యాను వాడకంలో పెద్ద భాగం రాత్రిది. సోలార్ కరెంటు పొద్దుగూకితే లేదు. పగటి కరెంటును రాత్రికి దాచడానికి నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ కేంద్రం చేపట్టారు. కోటి ఫ్యాన్లు ఒక్కోటి 45 వాట్లు తగ్గితే, అన్నీ తిరిగే వేళ 450 మెగావాట్లు అసలు పుట్టించనక్కర్లేదు, దాచనక్కర్లేదు.

పెద్దమొత్తంలో కొనేవాడికి షరతు పెట్టే బలం ఉంటుంది. ప్రభుత్వ టెండరులో ఐదు స్టార్లతో ఆగకుండా, 230 ఘనపు మీటర్లకు తగ్గని గాలి అడగాలి. మూడో నంబరు స్పీడులో కూడా కొలిచి చూపించమనాలి. బోర్డు కనెక్టర్లు అన్ని కంపెనీలవీ ఒకేలా ఉండాలని, పదేళ్లపాటు విడి బోర్డు ఫలానా ధరకు మించకుండా దొరకాలని రాయాలి. గోడ రెగ్యులేటరుతో పనిచేసే రకాన్నే తీసుకోవాలి, ఎందుకంటే ఐదారుగురున్న ఇంట్లో రిమోట్ వారం రోజులు కనపడదు. ఇవన్నీ రాస్తే ఫ్యానుకు రెండు మూడు వందలు ఎక్కువ కోట్ చేస్తారేమో. అంతకు మించి అడిగితే, రెక్కకు ఎంత, బోర్డుకు ఎంత అని విడివిడిగా ధర చూపించమనాలి.