వెంట్రుకవాసిలో తేలే ప్రజాతీర్పు

2025 ఫిబ్రవరి 8న ఢిల్లీ శాసనసభ ఎన్నికల ఫలితాలు వెలువడ్డాయి. భారతీయ జనతా పార్టీకి 48 స్థానాలు, ఆమ్ ఆద్మీ పార్టీకి 22 స్థానాలు దక్కాయి. 27 ఏళ్ల తర్వాత రాజధానిలో కమలం వికసించిందని, కేజ్రీవాల్ శకం ముగిసిందని విశ్లేషకులు తేల్చేశారు. ఓట్ల లెక్క మాత్రం అంత ఏకపక్షంగా లేదు. బీజేపీకి 45.56 శాతం, ఆప్‌కు 43.57 శాతం ఓట్లు వచ్చాయి. రెండు శాతమైనా లేని తేడా శాసనసభలో 26 స్థానాల అంతరంగా మారింది.

నియోజకవర్గాల వారీగా చూస్తే ఈ తేడా మరింత పలచబడుతుంది. సంగం విహార్‌లో బీజేపీ 344 ఓట్లతో, త్రిలోక్‌పురిలో 392 ఓట్లతో గట్టెక్కింది. జంగ్‌పురాలో మనీష్ సిసోడియా 675 ఓట్లతో ఓడిపోయారు. న్యూఢిల్లీలో అరవింద్ కేజ్రీవాల్ 4,089 ఓట్ల తేడాతో పరాజయం పాలైతే, అక్కడ కాంగ్రెస్ అభ్యర్థి సందీప్ దీక్షిత్‌కు పడిన ఓట్లు 4,568.

తెలుగువారికి ఇది కొత్త అనుభవమేమీ కాదు. 2023లో తెలంగాణలో కాంగ్రెస్, భారత రాష్ట్ర సమితి మధ్య ఓట్ల తేడా సుమారు రెండు శాతమే. స్థానాలు మాత్రం 64, 39. 2019లో రాష్ట్రమంతటా ప్రభంజనం వీచిన వేళ కూడా విజయవాడ సెంట్రల్‌లో గెలుపోటములను నిర్ణయించినవి 25 ఓట్లు.

ఈ విచిత్రాన్ని అమెరికా అధ్యక్ష ఎన్నికలు పతాకస్థాయికి తీసుకెళ్లాయి. అక్కడ దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవారికే ఆ రాష్ట్ర ఎలక్టోరల్ ఓట్లన్నీ దక్కుతాయి. 2000లో ఫ్లోరిడాలోని 537 ఓట్లు జార్జ్ బుష్‌ను శ్వేతసౌధానికి పంపాయి. అదే రాష్ట్రంలో మూడో అభ్యర్థి రాల్ఫ్ నాడర్‌కు 97 వేలకు పైగా ఓట్లు పడ్డాయి. 2016లో దేశవ్యాప్తంగా హిల్లరీ క్లింటన్‌కు 28 లక్షలకు పైగా ఆధిక్యం లభించినా, మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియాల్లో కలిపి 78 వేలలోపు ఓట్లు డొనాల్డ్ ట్రంప్‌ను గెలిపించాయి. 2020లో జో బైడెన్‌కు 70 లక్షల ఆధిక్యం ఉన్నా, అరిజోనా, జార్జియా, విస్కాన్సిన్‌లలో కలిపి సుమారు 43 వేల ఓట్లు అటూ ఇటూ అయివుంటే ఆయనకు మెజారిటీ దక్కేది కాదు.

ఇంత స్వల్ప తేడాతో అధికారం చేతులు మారుతున్నప్పుడు ప్రజల మనసు మార్చడం కన్నా ఓట్ల లెక్కను మార్చడం సులువన్న దురాలోచన పుడుతుంది. 2021 జనవరి 2న ట్రంప్ జార్జియా ఎన్నికల అధికారి బ్రాడ్ రాఫెన్స్‌పెర్గర్‌కు ఫోన్ చేసి, తనకు 11,780 ఓట్లు వెతికి పెట్టమన్నారు. ఆయన ఆ రాష్ట్రంలో ఓడింది 11,779 ఓట్లతో. అడిగింది సరిగ్గా ఒక ఓటు ఎక్కువ. సొంత పార్టీవాడైనా రాఫెన్స్‌పెర్గర్ లొంగలేదు. అయితే ఓట్లు పడిన తర్వాత చేసే ఒత్తిడి ఎప్పటికైనా బయటపడుతుంది. ఓటు పడకముందే పేరు గల్లంతైతే ఆ చప్పుడు ఎవరికీ వినపడదు. 2000 ఎన్నికలకు ముందు ఫ్లోరిడాలో శిక్షపడిన నేరస్థుల పేర్లు తొలగించాలంటూ తయారుచేసిన జాబితాలో, ఓటు హక్కున్న పౌరుల పేర్లూ చేరాయి. ఆ తప్పు ప్రధానంగా నల్లజాతివారిని దెబ్బతీసింది. 537 ఓట్ల పక్కన పెట్టి చూస్తే అది గుమాస్తా పొరపాటుగా కొట్టిపారేయదగింది కాదు.

ఇప్పుడు మళ్లీ సంగం విహార్, త్రిలోక్‌పురిల వైపు చూద్దాం. ఒకటి దేశంలోని అతిపెద్ద అనధికార కాలనీల్లో ఒకటి. మరొకటి ఎమర్జెన్సీ రోజుల్లో మురికివాడలవాసులను తరలించి ఏర్పరచిన పునరావాస కాలనీ. బీహార్, తూర్పు ఉత్తరప్రదేశ్‌ల నుంచి పొట్టచేత పట్టుకుని వచ్చినవారు, అద్దె ఇళ్లు మారుతూ బతికేవారు ఇలాంటి బస్తీల్లోనే ఎక్కువ. జాబితాలో పేరు నిలవడం అందరికన్నా కష్టమైనది వారికే. ఆ ఫలితాలు తప్పని నేను అనడం లేదు. ఢిల్లీలో 13 వేలకు పైగా పోలింగ్ కేంద్రాలున్నాయి. సగటు లెక్కన 344 ఓట్లంటే ఒక్కో కేంద్రానికి రెండు ఓట్లు కూడా కావు. ఒక్కో కేంద్రంలో ఇద్దరి పేర్లు పొరపాటున తొలగినా నియోజకవర్గం తీర్పు తారుమారు కాగలదన్నదే నా ఆందోళన.

2025లో బీహార్‌లో ప్రత్యేక సమగ్ర సవరణ తర్వాత ఆగస్టు 1న వెలువడిన ముసాయిదా జాబితాలో 65 లక్షల పేర్లు లేవు. మరణించినవారు, వలస వెళ్లినవారు, రెండుచోట్ల నమోదైనవారు అందులో ఉండవచ్చు. జాబితాను ప్రక్షాళన చేయడం ఎన్నికల సంఘం బాధ్యతే. కాని తొలగించిన పేర్లను కారణాలతో సహా ప్రచురించమని ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చిందంటే, పారదర్శకతను సంఘం తనంతట తాను పాటించలేదనే అర్థం.

ఏ సవరణ జరిగినా ప్రతి తొలగింపునూ కారణంతో సహా పోలింగ్ కేంద్రాల వారీగా ప్రకటించాలి. సంబంధిత ఓటరుకు ముందుగా నోటీసు అందాలి. ఎన్నికలకు తగినంత ముందే అభ్యంతరాలు పరిష్కారం కావాలి. ఇల్లు మారిన కూలీ తన పౌరసత్వాన్ని తానే నిరూపించుకోవాలనడం కన్నా, అతడు అనర్హుడని అధికార యంత్రాంగం నిరూపించడం న్యాయం.

గెలిచిన పార్టీలకు ఈ చర్చ రుచించదు. ఓడిన పార్టీలకు ఓడిన తర్వాతే గుర్తొస్తుంది. 344 ఓట్లతో ఈసారి గట్టెక్కినవారు వచ్చేసారి అంతే తేడాతో మునగవచ్చు. నేటి విజేతలు జాబితా విశ్వసనీయతను కాపాడితే, రేపు తమ ఓటమిని కూడా నమ్మగలుగుతారు.