బదిలీ ఊరిలో అద్దె ఇల్లు: ఎవరి అడుగులతో కొలవాలి?

వేసవి వచ్చినదంటే మన సంస్థలలో బదిలీ ఉత్తర్వుల కాలం వచ్చినట్లే. ఉత్తర్వు చేతికందిన నాడు ఇంటిలో మొదలయ్యే తొలి చర్చ కొత్త ఊరిలో ఇంటిని గురించియే. అక్కడ ఇప్పటికే పనిచేస్తున్న సహోద్యోగికి ఫోను చేస్తాము. ఆఫీసుకు దగ్గరగా, నీటికి ఇబ్బంది లేకుండా, మనవాళ్ళు నలుగురున్న చోట ఒక ఇల్లు చూచిపెట్టమని కోరతాము. అద్దె మన అర్హతకు లోబడి ఉన్నదంటే సగం భారం దిగినట్లే భావిస్తాము.

పిల్లలు పసివారైనప్పుడు ఈ పద్ధతిలో లోపమేమీ లేదు. వారి లోకం తల్లిదండ్రుల వెంటనే నడుస్తుంది. అమ్మ ఎక్కడ ఉంటే అదే వారి ఊరు. కాని ఇంటిలో పదమూడు మొదలు పదహారేళ్ళ వయసు గల అబ్బాయి గాని, అమ్మాయి గాని ఉన్నప్పుడు ఈ లెక్క తలకిందులవుతుంది. బదిలీ వలన తండ్రికి కుర్చీ మారుతుంది. కొత్త కుర్చీ చుట్టూ మన సంస్థ మనుషులే ఉంటారు. ఆ వయసు పిల్లలకు మాత్రం బడి, భాష, స్నేహం, ఆటస్థలం అన్నీ ఒక్కనాడే మారిపోతాయి. కనుక ఇంటిని ఆఫీసు నుండి గాక, పిల్లల దినచర్య నుండి కొలవడం మొదలుపెట్టాలని ఈ నెల మా మనవి.

టౌన్‌షిప్‌లో పెరిగిన పిల్లల విషయంలో ఇది మరింత నిజం. మన కాలనీలలో పదేళ్ళ పిల్లవాడు సైకిలెక్కి బడికి, మైదానానికి, గ్రంథాలయానికి, స్నేహితుని క్వార్టరుకు తానుగా వెళ్ళి దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరతాడు. ఏ వీధిలో పడినా లేవనెత్తి ఇంటికి చేర్చే మనిషి ఉంటాడు. ఆ స్వేచ్ఛకు మనము ఏనాడూ వెల కట్టలేదు, ఎందుకంటే అది క్వార్టరుతో పాటు ఉచితంగా వచ్చినది. మహానగరంలో దానికి వెల ఉన్నది. అంతవరకు స్వయంగా తిరిగిన పిల్లవాడు పదిహేనవ ఏట తండ్రి స్కూటరు కోసం, బడి బస్సు కోసం ఎదురుచూచే స్థితికి వచ్చినప్పుడు గదిలో తలుపు వేసుకొని కూర్చుంటే, తప్పు పిల్లవానిది కాదు, ఇల్లున్న చోటిది.

ఇంజనీర్లము గనుక కొలతబద్ద ఒకటి ఏర్పరచుకొందాము. దానిని స్వయంసంచార పరిధి అని పిలుద్దాము. చూడబోయే ఇంటిని కేంద్రంగా పెట్టుకొని, పదిహేను నిమిషాల నడక, అనగా సుమారు ఒక కిలోమీటరు వ్యాసార్ధంతో వృత్తం గీయండి. ఆ వృత్తంలో పిల్లలు ఎవరి వాహనమూ ఎక్కకుండా వెళ్ళి రాగల స్థలాలు ఎన్ని? బడి, లేదా బడికి పోయే బస్సు గాని మెట్రో గాని ఆగే చోటు, ఆడుకొనే స్థలం, కూర్చుని చదువుకొనే చోటు, పుస్తకాలు, సామానులు అమ్మే బజారు, ఒక వైద్యుడు. ఈ ఐదింటిలో నాలుగున్న పేటలో రెండు గదుల ఇల్లు, ఒకటి మాత్రమే ఉన్న పేటలోని మూడు గదుల ఇంటి కంటె మేలు.

అయితే వృత్తం గీయడానికి ముందు తేల్చుకోవలసినది తరగతి. సి.బి.ఎస్.ఇ. విధానంలో విద్యార్థి నమోదు తొమ్మిదిలోను, మరల పదకొండులోను జరుగుతుంది. పది, పన్నెండు తరగతులలో బడి మారడం తల్లిదండ్రుల బదిలీ వంటి కారణాలపైననే సాధ్యం, దానికి ఉత్తర్వు నకలు, టి.సి. వంటి పత్రాలు కావాలి. పిల్లవాడు పదిలోనో పన్నెండులోనో ప్రవేశించి ఉంటే, ఆ ఒక్క విద్యా సంవత్సరం క్వార్టరు నిలుపుకొనే వెసులుబాటు ఎంతవరకు ఉన్నదో పర్సనల్ విభాగంలో ముందుగా అడిగి తెలుసుకొనడం ఉత్తమం. ఎనిమిది ముగించి తొమ్మిదిలోకి వచ్చేవారికి మాత్రం కదలడానికి అదే అనువైన ఘడియ.

తరగతి తరువాత భాష. 1963లో మొదలైన కేంద్రీయ విద్యాలయాల వ్యవస్థ బదిలీ ఉద్యోగుల పిల్లలను దృష్టిలో ఉంచుకొనియే ఏర్పడినది. మన ప్రాజెక్టు ప్రాంతాలలోని విద్యాలయంలో హిందీ, సంస్కృతం చదివిన పిల్లలకు ఏ రాష్ట్రమైనా పాఠ్యక్రమం ఒక్కటే. తెలుగు ఒక భాషగా చదువుతున్న పిల్లల సంగతి వేరు. సి.బి.ఎస్.ఇ. జాబితాలో తెలుగు ఉన్నది. కాని ఆ బడిలో తెలుగు ఉపాధ్యాయుడు ఉండాలి గదా! అందుచేత భాష బడిని నిర్ణయిస్తుంది, బడి పేటను నిర్ణయిస్తుంది, పేట ఇంటిని నిర్ణయిస్తుంది. ఆఫీసు దూరం ఈ వరుసలో చివరిది.

మనలో అనేకులు వెళ్ళే ఢిల్లీనే ఉదాహరణగా తీసుకొందాము. లోధీ రోడ్డులోని స్కోప్ భవన సముదాయంలో ఆఫీసు అనుకొందాము. 1990లలో అక్కడికి బదిలీపై వెళ్ళిన మన పెద్దలు ఆఫీసుకు దగ్గర ఇల్లే వెదికేవారు. అది న్యాయమే, ఎందుకంటే నాడు బస్సులే ఆధారం. 2002 డిసెంబరు 24న మెట్రో తొలి భాగం మొదలైన తరువాత ఈ లెక్క క్రమంగా మారింది. 2005 చివరికి అది జనక్‌పురి మీదుగా ద్వారక చేరింది, 2009లో మయూర్ విహార్ మీదుగా నోయిడా చేరింది. నేడు పేటల మధ్య దూరాన్ని మైళ్ళతో గాక, రైలు మారవలసిన స్టేషన్లతో లెక్కిస్తున్నారు.

ఇప్పుడు మూడు దారులు కనబడతాయి. మొదటిది ఆఫీసు సమీపంలోని జంగ్‌పురా వంటి ప్రాంతం. తండ్రికి సుఖం, కాని అదే అద్దెకు ఇరుకు ఇల్లు, అబ్బాయి బల్లకు చోటుండదు. రెండవది యమున ఆవలి ఒడ్డున ఉన్న మయూర్ విహార్ మొదటి దశ. అక్కడి నుండి గులాబి లైనులో నాలుగవ స్టేషను లాజ్‌పత్ నగర్. అక్కడ ఊదా లైను మారితే రెండవ స్టేషను జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం, దాని చెంతనే ఆఫీసు. దక్షిణాది కుటుంబాలు చిరకాలంగా స్థిరపడిన పేట. హిందీ, సంస్కృతం చదివే పిల్లలకు ఇది చక్కని మధ్యేమార్గం.

మూడవది జనక్‌పురి. ఇక్కడి నుండి ఆఫీసుకు గడప నుండి గడపకు గంటకు తగ్గదు. అయినను తెలుగు చదివే పిల్లలున్నవారు దీనిని తోసిపుచ్చరాదు. శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1948లో ఢిల్లీలో స్థాపించిన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ పాఠశాలలు దీన్ దయాళ్ ఉపాధ్యాయ మార్గ్‌లోను, ప్రసాద్ నగర్‌లోను, జనక్‌పురిలోను నడుస్తున్నవి. గులాబి లైనులో ఒక స్టేషనుకు ఆమె పేరే పెట్టారు. మన పిల్లలకు చూపి చెప్పదగిన సంగతి. ఆ తరగతిలో ఖాళీ ఉన్నదో లేదో విచారించుకొని, బడికి నడిచిపోగల దూరంలో ఇల్లు దొరికితే, తండ్రి రైలులో గడిపే గంట వలన అమ్మాయికి భాష నిలుస్తుంది, తొలిరోజుననే పక్క బల్ల మీద తెలుగులో పలకరించే నేస్తం దొరుకుతుంది.

పేట స్థిరపడిన పిదప ఇంటి పరీక్ష. దళారి మనకు ఇంటిని ఆదివారం ఉదయం పదకొండు గంటలకు చూపిస్తాడు. ఆ వేళ ప్రతి వీధీ ప్రశాంతంగానే ఉంటుంది. ఒకే ఇంటిని మూడు వేళలలో చూడాలి: బడికి బయలుదేరే వేళ, బడి విడిచే వేళ, సాయంత్రం ఏడున్నరకు. సాయంకాలపు పరీక్షలో స్టేషను నుండి ఇంటి వరకు అమ్మాయితో కలసి తల్లి నడవాలి. దీపాలు వెలుగుతున్నవా, కాలిబాట నడవడానికి మిగిలినదా లేక కార్లు నిలిపినారా, దుకాణాలు తెరచి ఉన్నవా అనేవి చూడాలి. మెట్రోలో మొదటి పెట్టెను 2010 నుండి స్త్రీలకు కేటాయించారు. కాని స్టేషను బయటి చివరి అర కిలోమీటరుకు పూచీ ఆ వీధిదే.

మిగిలిన కొలతలు మనకు సులభమైనవే. నీటిలో కరిగిన ఘనపదార్థాల పరిమాణం చూపే చిన్న మీటరు చౌకగా దొరుకుతుంది. తాగునీటి భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు అంగీకారయోగ్యం. వేరే ఆధారం లేనప్పుడే 2000 వరకు. అది కుళాయి నీరా, బోరు నీరా అన్నది ఒక్క గ్లాసుతో తేలుతుంది. శబ్దానికి నివాస ప్రాంతాలలో 2000 నాటి నియమావళి విధించిన హద్దు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు. చదువుకొనే గది కిటికీ ప్రధాన రహదారి వైపు ఉన్నదా, వెనుకవైపు ఉన్నదా అన్నది చూచుకొంటే ఆ లెక్క సగం తేలినట్లే.

వర్షపు నీటి సంగతి ఇరుగుపొరుగును విడిగా అడగాలి. 2024 జూలై 27న ఢిల్లీ ఓల్డ్ రాజేంద్ర నగర్‌లో ఒక కోచింగ్ కేంద్రపు నేలమాళిగ గ్రంథాలయంలోకి వరదనీరు చొరబడి ముగ్గురు విద్యార్థులు మరణించారు. చదువుకొనడానికి వెళ్ళిన పిల్లలు! పఠన మందిరం దగ్గరలో ఉన్నదని సంతోషించే ముందు, అది ఏ అంతస్తులో ఉన్నదో, బయటకు దారులెన్నో కళ్ళారా చూడండి. ఇంటి కింది అంతస్తుకూ ఇదే పరీక్ష. గోడ మీది తడి చార రంగు వేసినా దాగదు.

ఇక ఒప్పందం. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన అద్దె ఒప్పందాన్ని రిజిస్టరు చేయాలి గనుక, పదకొండు నెలల పత్రం వ్రాసుకొనడం దేశమంతటా వాడుక అయినది. ఏప్రిల్ ఒకటిన ఇంటిలో దిగిన కుటుంబానికి పదకొండు నెలలు ఎప్పుడు ముగుస్తాయో లెక్కించండి: ఫిబ్రవరి నెలాఖరు. సి.బి.ఎస్.ఇ. పదవ తరగతి పరీక్షలు సరిగ్గా ఆ రోజులలోనే జరుగుతుంటాయి. తొమ్మిదిలో చేరిన పిల్లవాడు పది ముగించేవరకు ఇల్లు కదలరాదు. కనుక రెండేళ్ళకు రిజిస్టరు చేయించుకొనడమో, పొడిగింపు షరతును, పెంచే అద్దె శాతాన్ని మొదటి పత్రంలోనే వ్రాయించుకొనడమో చేయాలి. కంపెనీ లీజు అయితే ఈ మాట యజమానితో పాటు మన ఎస్టేటు విభాగానికి కూడ ముందుగా చెప్పిపెట్టాలి.

లోపలి గదులలో పిల్లలకు ఒక బల్ల, ఒక కిటికీ, తలుపు గల ఒక మూల తప్పనిసరి. ఢిల్లీలో గాలి విషమించిన రోజులలో బడులు మూసి ఇంటి నుండే పాఠాలు నడపడం కద్దు. 2024 నవంబరులో అదే జరిగినది. అటువంటి వారం రోజులు హాలులో, టి.వి. పక్కన సాగవు.

చివరిగా, అన్నిటికంటె తేలికైనది, అయినను మనము తరచు మరచేది: పిల్లలను అడగడం. అద్దె, దూరం, భద్రత మనము తూచి రెండు ఇళ్ళు మిగిల్చిన తరువాత, ఆ రెండింటిలో ఒకటి ఎన్నుకొనే హక్కు వారికి ఇవ్వవచ్చు. బదిలీ ఉత్తర్వుపై పిల్లల సంతకం ఉండదు. ఇంటి ఎంపికలోనైనా వారి మాట ఉంటే, కొత్త ఊరు తమ మీద మోపిన భారంగా గాక, తాము ఎంచుకొన్న చోటుగా తోస్తుంది. అమ్మాయి మనకు నచ్చని ఇంటినే కోరవచ్చు. బాల్కనీ నుండి బాస్కెట్‌బాల్ మైదానం కనబడుతున్నదనో, మేడ మెట్ల దగ్గర తన ఈడు పిల్ల నవ్విందనో కారణం చెప్పవచ్చు. ఆ కారణాలు చిన్నవి కావు. మనము టౌన్‌షిప్‌లో చేరిన కొత్తలో మనలను నిలబెట్టినవి కూడ అటువంటివే.

ఆఫీసుకు రానుపోను గంట చొప్పున ప్రయాణం తండ్రికి ఎంత శ్రమో మేము ఎరుగనిది కాదు. యాభై దాటిన మోకాళ్ళకు మెట్రో మెట్లు కూడ ఒక లెక్కయే. కాని ఆ శ్రమకు గడువు ఉన్నది. పన్నెండవ తరగతి ముగిసిన నాడు, తండ్రి కోరుకొన్న చోటికి ఇల్లు మార్చుకొనవచ్చు. పద్నాలుగు నుండి పదిహేడు వరకు గల మూడేళ్ళను మాత్రం ఏ బదిలీ ఉత్తర్వూ తిరిగి ఇవ్వలేదు. ఈ వేసవిలో ఉత్తర్వు అందుకొన్న సోదర ఉద్యోగులు సహోద్యోగికి ఫోను చేసినప్పుడు, "ఆఫీసుకు ఎంత దూరం?" అని అడుగుటకు ముందు, "మీ పేటలో పిల్లలు సాయంత్రం ఎక్కడ ఆడుకొంటారు?" అని అడుగుదురు గాక. వెంటనే జవాబు వచ్చిన పేటలో ఇల్లు వెదకడం మొదలుపెట్టవచ్చు.