బొమ్మలో ఏడుపు తెలుసు, పక్కవాడి ఏడుపు తెలియదు

సంపాదకుల వారికి,

మా మనవడికి తొమ్మిదేళ్లు. మా ఊరు బారువ మీదుగా పోయే రైళ్ల నంబర్లన్నీ నోటికొచ్చు. ఆటలో తోటివాడు పడి మోకాలు చీరుకుపోతే మాత్రం నవ్వాడు. అప్పట్నుంచి వీధిలో వాడికి పొగరుబోతన్న పేరు పడింది. ఆటిజం అని డాక్టరు చెప్పి రెండేళ్లయింది. నెలకు రెండుసార్లు కోడలు వాణ్ని విశాఖ తీసుకెళ్తుంది. అక్కడ మూసిన గదిలో టీచరమ్మ ఒకరు, వీడొకడు. ఏడుపు మొహం, కోపం మొహం బొమ్మలు చూపిస్తే అన్నీ సరిగ్గా చెబుతాడు. ఇంటికొచ్చాక మళ్లీ మొదటికే.

తోటిపిల్లలే లేని గదిలో తోటివాడి బాధ ఎలా తెలుస్తుంది? అమెరికా సైకాలజిస్టు డేనియల్ లెగాఫ్ 2004లో ఒక పద్ధతి గురించి రాశారు. ముగ్గురు పిల్లలు కలిసి లెగో బొమ్మ కట్టాలి. ఒకడు పటం చూసి చెబుతాడు, ఒకడు ముక్కలందిస్తాడు, ఒకడు అతుకుతాడు. తర్వాత పనులు మార్చుకుంటారు. గొడవొస్తే పెద్దవాళ్లు తీర్పు చెప్పరు, పిల్లలచేతే తేల్పిస్తారు. మాకు లెగో కూడా అక్కర్లేదు. మా సముద్రం ఒడ్డున పెద్దవల లాగేటప్పుడు చూడండి, అటు తాడు పట్టినవాళ్లను గమనించకుండా ఇటువాళ్లు ఒక్క అడుగు వెయ్యరు.

వాడికి జాలి లేదనుకోకండి. సముద్రంలోకి వదిలిన తాబేలు పిల్లల్లో ఒకటి వెల్లకిలా పడిందని రాత్రంతా దాని గురించే అడిగాడు. తానూ ఆటిజం ఉన్న బ్రిటన్ పరిశోధకుడు డామియన్ మిల్టన్ 2012లో, అర్థం చేసుకోలేకపోవడం రెండువైపులా ఉందని వాదించారు. మా వీధి పిల్లలు వీణ్ని ఏమాత్రం అర్థం చేసుకున్నారు గనక! అందుకే అలా కలిసి పనిచేసే బృందంలో మామూలు పిల్లలూ ఉండాలి.

గోల భరించలేని పిల్లలకు ముందు విడి గదే మేలు, ఒప్పుకుంటాను. అక్కడే ఆగిపోవద్దంటున్నాను.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల్లో ఆటిజాన్ని చేర్చింది. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. వాటిలో వారానికో పూట ఐదారుగురు పిల్లల్ని కలిపి కూర్చోబెట్టడానికి కొత్త భవనం అక్కర్లేదు. టీచర్లకు ఈ పనిలో తర్ఫీదు కావాలి. సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉన్నది ఇలాంటి తర్ఫీదుకే కదా.

జిల్లా విద్యాశాఖ వారు మా సోంపేట మండలంలో ఒక్క శనివారం మొదలుపెట్టి చూడండి. మా మనవణ్ని, వాడు నవ్విన ఆ మోకాలి పిల్లాణ్ని కూడా నేనే వెంటబెట్టుకొస్తాను.

ఇట్లు,
ఒక తాత, బారువ