దూలానికి కట్టు

1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారి ప్రాంతంలో భూమి కంపించింది. వేలాదిమంది నిద్రలోనే ప్రాణాలు కోల్పోయారు. అక్కడి ఇళ్ళకు మందమైన రాతి గోడలున్నాయి, కలప దూలాలున్నాయి, పైన దళసరి మట్టికప్పు ఉంది. వీటన్నిటినీ ఒకటిగా పట్టి ఉంచే కట్టు మాత్రం చాలా ఇళ్ళలో లేదు.

మన ప్రాంతపు పాత మట్టిమిద్దెల్లోనూ దూలం అనేకచోట్ల గుంజపై కేవలం తన బరువుతోనే నిలిచి ఉంటుంది. గట్టి కుదుపు వస్తే జారిపోవచ్చు. రెండింటినీ కలిపి ఇనుపపట్టీ బిగించడం దానికొక రక్షణ. అయితే పని మొదలుపెట్టేముందు దూలం కింద ఊతగుంజలు నిలపాలి. చెదలు తిన్న కలపకు పట్టీ వేసి ప్రయోజనం లేదు, దానిని మార్చవలసిందే. దూలం కొసకు మరీ దగ్గరగా మేకులు దిగగొడితే కలప చీలుతుంది. తగినంత ఎడమిచ్చి, రంధ్రం తొలిచి బోల్టులు బిగించాలి. పట్టీ తుప్పు పట్టకుండా రంగు పూయాలి. పట్టీ మందమూ, బోల్టుల సంఖ్యా ఇంజనీరు నిర్ణయించాలి.

పండుగకు ఇంటికి సున్నం వేయించే ముందు దూలాల అతుకులను ఒకసారి పరీక్ష చేయించమని మేము కోరుతున్నాము. ఇల్లు అద్దెకిచ్చినవారికి ఈ బాధ్యత మరింత ఎక్కువ. ఆ దూలాల కింద నిద్రించేది పరుల బిడ్డలు.