పండ్ల బుట్ట ఎవరికి పంపాలి?

ప్రశ్న: డాక్టరు గారూ! మాది బెల్లం, చెనక్కాయల వ్యాపారం. ఏటా మామిడి కాలంలోనూ, దీపావళికీ చెన్నై, బెంగుళూరు ఖాతాదారులకూ, వాళ్ళ గుమాస్తాలకూ బుట్టలు పంపుతుంటాను. కిందటేడు పదిహేనేళ్ళుగా మాతో వర్తకం చేస్తున్న ఒక పెద్దాయనకు మామిడిపండ్లు, ఎండుద్రాక్ష, టెంకాయబోండాలు పంపాను. ‘నాయనకు డయాలిసిస్ జరుగుతోంది, అవి ముట్టకూడదు’ అని వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. ఈ ఏడు మానేస్తే సంబంధం తెంచుకున్నాననుకుంటారేమో! ఏం పంపమంటారు? తిరుమల లడ్డూ పంపవచ్చా?
— ఒక వర్తకుడు, చంద్రగిరి

జవాబు: ఆ అబ్బాయి ఫోన్ చేయడం మంచిదయింది. మూత్రపిండాలు పనిచేయనివారికి మీరు పంపిన మూడూ ఇబ్బంది పెట్టేవే. వాటిలో పొటాషియం ఎక్కువ. ఆరోగ్యవంతుల్లో ఎక్కువైనది మూత్రంలో పోతుంది. వీరికి రక్తంలోనే నిలిచిపోతుంది. మోతాదు మించితే గుండె లయ తప్పుతుంది, ఒక్కోసారి ముందుగా ఏ సూచనా లేకుండానే ఆగిపోతుంది. 100 గ్రాముల ఎండుద్రాక్షలో సుమారు 750 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటే, అంతే బరువు ఆపిల్‌లో 110 మించదు. అరటి, ఖర్జూరం, బాదం, జీడిపప్పు కూడా ఆ జాబితాలోవే. ఊరగాయ అసలే వద్దు. ఉప్పు దాహం పెంచుతుంది. వారికి తాగే నీళ్ళు కూడా కొలతే.

ఆయనకు తినే వస్తువే పంపాలని ఏముంది? మీకు దగ్గరలోనే శ్రీకాళహస్తి ఉంది. ఒక కలంకారీ దుప్పటి పంపండి. పండే పంపాలనుకుంటే నాలుగు ఆపిల్స్ చాలు, అదీ వాళ్ళబ్బాయిని అడిగాకే.

మిగతావారికి మామిడి మానక్కరలేదు. కాని కార్బైడుతో మగ్గపెట్టినవి కొనకండి. దానిలో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ కల్మషాలుంటాయి, చట్టం కూడా నిషేధించింది. దోరకాయలు గడ్డిలో పెట్టి పంపితే దారిలోనే మాగుతాయి. పాలకోవా మాత్రం ఎండల్లో పార్సిల్ వేయకండి. చెడ్డ కోవాలో సూక్ష్మక్రిములు వదిలే విషం మళ్ళీ వేడిచేసినా పోదు. ఆఫీసులో ఒక డబ్బా విప్పితే పదిమందికీ ఒకేసారి వాంతులు పట్టుకుంటాయి.

మధుమేహం ఉన్నవారికి ‘పంచదార లేనిది’ అని బెల్లం మిఠాయి పంపుతుంటారు. బెల్లం వర్తకులైన మీరు కోపగించుకోకండి, రక్తంలో చక్కెర పెంచడంలో రెంటికీ పెద్ద తేడా లేదు. వారికి వేయించిన, ఉప్పు చల్లని మీ చెనక్కాయలే మేలు. బూజు పట్టినవి ఏరేయండి. చెనక్కాయలు పడనివారు ఇంట్లో ఉన్నారేమో ఒక మాట కనుక్కోండి.

ఇక లడ్డూ. నిరభ్యంతరంగా పంపండి. 175 గ్రాముల లడ్డూ ఇంటిల్లిపాదీ పంచుకునేదే కదా! పెద్దాయనను మాత్రం కళ్ళకద్దుకుని మనవలకు ఇమ్మని చెప్పండి. అందులో జీడిపప్పు, ఎండుద్రాక్ష రెండూ ఉంటాయి.