కరణి చెవిటిదా?

గణితమును గూర్చి తెలుగు ఉపన్యాసకుడు వ్రాయుట అనధికార ప్రసంగమని గణిత శాఖలోని నా మిత్రులు నవ్వవచ్చును. అయినను వ్రాయక తప్పినది కాదు. ఉర్దూ మాధ్యమమున పదవ తరగతి ముగించి వచ్చిన విద్యార్థి ఒకడు √(9+16) విలువ 3+4, అనగా 7 అని వ్రాసి సున్న తెచ్చుకొన్నాడు. "సార్, √(9×16) కు 3×4 అంటే ఒప్పు. మధ్య గుర్తు మారితే తప్పెట్లా?" అని నన్నడిగినాడు. సబబైన ప్రశ్న. 3×4 ను దానితోనే గుణించినచో సరిగా 9×16 వచ్చును. 3+4 ను దానితోనే గుణించినచో 9, 16 లతోపాటు 24 అదనముగా చేరి 49 అగును. ఆ 24 ను అతనికి ఎవరును చూపినట్లు లేదు. సూత్రము మాత్రము కంఠస్థమైనది.

మాటల సంగతి నా పరిధిలోనిది. ఉర్దూలో "జజ్ర్", తెలుగులో "మూలము", లాటిన్‌లో "రాడిక్స్": మూడింటికిని చెట్టు వేరనియే అర్థము. పూర్ణముగా తేలని మూలమును అరబ్బులు "అసమ్" అనిరి, అనగా చెవిటిది. 12వ శతాబ్దిలో వారి గ్రంథములు లాటిన్‌లోకి పోయినపుడు అదే "సర్డస్" అయి, ఆంగ్లమున "సర్డ్"గా నిలిచినది. మన "కరణి" వేరు పుట్టుక గలది. శుల్బసూత్రములలో అది చతురస్రమును చేయు భుజము; రెండింతల వైశాల్యమును చేయునది ద్వికరణి, అనగా √2. దానికి వారు చెప్పిన విలువను కూడి చూచిన 577/408 వచ్చును. 577 వర్గము 332929. 408 వర్గమునకు రెట్టింపు 332928. ఒక్కటే తేడా! ఏ భిన్నమును తెచ్చినను ఆ తేడా పూర్తిగా పోదు. కనుకనే √ గుర్తును చెరపక, అట్లే ఉంచుకొని లెక్క సాగింతుము.

యంత్రము 8.485 అని చెప్పుచుండగా √72 ను 6√2 అని వ్రాయుట ఎందుకని కొందరందురు. √72 + √50 − √32 ను చూడుడు. 72 లో 36, 50 లో 25, 32 లో 16 దాగియున్నవి. వానిని వెలికి తీసిన 6√2 + 5√2 − 4√2, జవాబు 7√2. సజాతి పదములు అప్పుడు గాని కనబడవు. యంత్రమిచ్చు 9.899 ను చూచి అది √98 అని ఎవరు గుర్తింతురు? 12వ శతాబ్దిలోనే భాస్కరాచార్యుడు తన బీజగణితమున కరణులకు ప్రత్యేక స్థానమిచ్చినాడు.

హారమును అకరణీయము చేయు విషయమున మాత్రము నేను విద్యార్థి పక్షమే. 1 ని 1.414 చేత భాగించుట చేతిలెక్కకు కష్టము, 1.414 ను 2 చేత భాగించుట సుళువు. ఆ ఆచారమునకు ముఖ్య ప్రయోజనమదియే. నేడు 1/√2 అని విడిచినవానికి మార్కు కోయుట అన్యాయము. భిన్నములను కూడవలసి వచ్చినపుడు దాని అవసరము తానే తెలియును.

కమిటీ పెద్దలకు ఒక విన్నపము. ఇంటర్మీడియట్ ప్రారంభమున పదునైదు దినములు, ఉర్దూ, తెలుగు, ఆంగ్ల గణిత పదములను పక్కపక్కన పెట్టి బోధించు తరగతి నడుపవలెను. తెలుగు పదముల పట్టిక నేను వ్రాసి ఇత్తును. ఉర్దూ ఉపన్యాసకులు తమ వంతు చేయుదుమన్నారు. ఇక గణిత శాఖనుండి దినమునకొక గంట కావలెను.